క్రయశక్తి యననేమి?



ఈ సాయంకాలము వినియోగదారుని క్రయశక్తినిగూర్చి నాలుగు మాటలు చెప్పుమని నన్ను కోరినారు. నేను అర్థశాస్త్రజ్ఞుడను కాను. బాల్యమున గురుముఖమున కొంత వ్యాకరణము చదివికొని, ఉన్నత పాఠశాలలో ముప్పదియేండ్లకు పైగా తెలుగు చెప్పి విరమించినవాడను. ఐనను ఈ విషయము నంగీకరించుటకు రెండు కారణములు కలవు. ఇది ప్రతి గృహస్థునకును, ప్రతి గృహిణికిని దినదినము తారసిల్లు విషయము; దీనిని గ్రహించుటకు కూడికయు భాగహారమును వచ్చిన చాలును. ఇది మొదటి కారణము. దీని యర్థమును సకాలమున నెఱుగకపోవుటవలన నా చేతులమీదుగా ఒక యన్యాయము జరిగినది. ఇది రెండవ కారణము. అది మా యింటి కథ, దాచక చెప్పెదను.

మొదట పదముల యర్థమును విచారింతము. పండితులకు ఈ యలవాటు వదలదు, మన్నింపుడు. క్రయము అను పదము క్రీ ధాతువునుండి పుట్టినది. ధాతుపాఠము ఈ ధాతువునకు ద్రవ్యవినిమయమను నర్థమును చెప్పుచున్నది. అనగా ఒక వస్తువు నిచ్చి మఱియొక వస్తువును గైకొనుట. అందు రూపాయి ప్రసక్తి లేదు. నాణెము తరువాత నడుమ వచ్చి కూర్చున్న మధ్యవర్తి. రైతు పండించును, సాలె నేయును, ఉపాధ్యాయుడు పాఠము చెప్పును; వారందఱును తమ పనికి బదులుగా బియ్యము, బట్ట, మందు మొదలైనవి గైకొందురు. నడుమ కాగితపు నోటు ఒకరి చేతినుండి మఱియొకరి చేతికి మాఱును. కావున నోటునకు గల బలము నోటులో లేదు. అది తెచ్చి యిచ్చు వస్తువులో నున్నది.

ఇక వినియోగము. వైదికులు మంత్రమునకు వినియోగము చెప్పుదురు: ఈ మంత్రము ఈ కర్మయందు ఉపయోగించునది యని. అట్లే చేతికి వచ్చిన సొమ్ములో ఇది బియ్యమునకు, ఇది పాలకు, ఇది పిల్లవాని బడిజీతమునకు అని నియమించువాడు వినియోగదారుడు. ఈ రెండు పదములను కలిపి చూచినచో నిర్వచనము దానంతట తేలును. ఒకని చేతికి వచ్చిన సొమ్ము, నాటి ధరలలో, ఎంత సరుకును ఎంత సేవను తెచ్చి యీయగలదో ఆ పరిమాణమే అతని క్రయశక్తి. నేటి పత్రికలు దీనిని కొనుగోలు శక్తి యనుచున్నవి.

ఇంకొక సూక్ష్మము కలదు. పాణిని తన యష్టాధ్యాయి యాఱవ యధ్యాయములో క్రయ్యము, క్రేయము అను రెండు రూపములను వేఱుచేసినాడు. అమ్మకమునకై అంగడిలో పఱచి యుంచినది క్రయ్యము. మనము కొనదగినది, కొనవలసినది క్రేయము. కాశికావృత్తిలో ఈ భేదమును చూపుటకు ధాన్యమునే యెత్తికొనిరి: ఇంట ధాన్యము కొనవలసిన యక్కఱ యున్నది గాని, అంగడిలో అమ్మజూపిన ధాన్యము లేదను స్థితిని చూపిరి. నేను దీనిని పదునెనిమిదవ యేట చదివితిని. రూపభేదమును కంఠస్థము చేసి తృప్తిపడితిని. దీనికి ప్రతిరూపమైన మఱియొక స్థితి కలదని నాకు అప్పుడు తోచలేదు. అంగడినిండ ధాన్యమున్నది, ఇంట అక్కఱయు నున్నది, ఐనను ఒకటి మఱియొకదానిని చేరుటకు నడుమ వంతెన లేదు. ఆ వంతెనయే క్రయశక్తి. ఈ సంగతి నాకు వ్యాకరణము నేర్పలేదు. మా మేనత్త నేర్పినది.

ఆమె మా తండ్రిగారికి అప్పగారు. బాల్యముననే భర్తను కోల్పోయి పుట్టింటికి వచ్చి, కృష్ణా డెల్టాలోని మా గ్రామమున ఒక చిన్న పంచలో విడిగా వండుకొని జీవించినది. మా తాతగారు తమ మాగాణిమీద ఆమెకు సాలునకు పది బస్తాల ధాన్యము మనోవర్తిగా ఏర్పఱచిరి. బస్తా యనగా 75 కిలోలు. ఆమె తిండికి వలసినది ఉంచుకొని, తక్కిన గింజలను మార్చి ఉప్పు, పప్పు, నూనె, చీరలు తెచ్చుకొనెడిది. 1968లో మా పెద్దలు పంపకములు చేసికొన్నప్పుడు, ఏటేట గింజలు కొలిచి బండి తోలుట ప్రయాసమని తలచిరి. నాటి ధరను బస్తాకు 42 రూపాయలుగా కట్టి, సాలునకు 420 రూపాయలు, అనగా నెలకు 35 రూపాయలు ఇచ్చునట్లు కాగితము వ్రాసికొనిరి. ఎవరికిని మోసము చేయు తలపు లేదు. ఆనాటికి ఆ లెక్క న్యాయమే. అత్తయ్యయు సంతకము చేసినది.

తండ్రిగారి యనంతరము, 1985 నుండి, ఆ బాధ్యత నాకు సంక్రమించెను. అప్పటికి నేను వేఱొక యూర పండితోద్యోగములో నుంటిని. ప్రతి నెల మొదటి వారములో ఆమెకు మనియార్డరు పంపుచుంటిని. ఒక్క నెలయైనను తప్పలేదు. రసీదులను దారమున గ్రుచ్చి గూటిలో పెట్టితిని. ఆ దండను చూచినప్పుడెల్ల నాకు లోలోపల గర్వముగా నుండెడిది.

1991 సంక్రాంతికి ఊరికి పోయితిని. అత్తయ్య నాకు అరిసెలు పెట్టి, కొంతసేపు ఊరక కూర్చుండి, “ఒరే నాయనా, ఈ రూపాయలు నాకెందుకురా. వెనకటిలాగా గింజలే పంపించు” అన్నది. అది ముసలితనపు కోరిక యని తలచి సరే యంటిని. రాత్రి పడుకొనబోవుచు లెక్క చూచితిని. ఆ 1990-91 సంవత్సరమునకు ప్రభుత్వము సాధారణరకపు ధాన్యమునకు నిర్ణయించిన కనీస మద్దతు ధర క్వింటాలునకు 205 రూపాయలు. అనగా 75 కిలోల బస్తా ఇంచుమించు 154 రూపాయలు. నేను సాలునంతటను పంపు 420 రూపాయలకు మూడు బస్తాలైనను నిండవు. పది బస్తాలు ఎట్లు మూడు బస్తాలకు తగ్గినవి? నేను ఒక్క రూపాయియైనను తగ్గింపలేదే!

అప్పుడు మఱియొక సంగతి జ్ఞప్తికి వచ్చెను. ఏటేట ఆమె యుపవాసములు పెరుగుచుండెను. మొదట ఏకాదశి మాత్రమే, తరువాత సోమవారము, ఆపై శనివారము, కడపట రాత్రి ఫలహారమే మానివేసినది. మేమందఱము దానిని భక్తి యని మెచ్చుకొంటిమి.

శ్రోతలారా, అర్థశాస్త్రజ్ఞులు ఆదాయమునకు రెండు ముఖములు చూపుదురు. రూపాయల సంఖ్యతో చెప్పునది నామమాత్రమైన ఆదాయము. ఆ రూపాయలు తెచ్చు సరుకుతో చెప్పునది వాస్తవమైన ఆదాయము. మా యత్తయ్యకు నామమాత్రమైన ఆదాయము ఇరువది రెండేండ్లు చెక్కు చెదరలేదు. వాస్తవమైన ఆదాయము నాలుగింట మూడు పాళ్లు కరగిపోయినది. 1968 నాటి ఆ కాగితమే నేడును నడుచుచున్నదనుకొందము. 2024-25లో సాధారణరకపు ధాన్యమునకు మద్దతు ధర క్వింటాలునకు 2,300 రూపాయలు. సాలునకిచ్చు 420 రూపాయలకు 18 కిలోలు వచ్చును. అనగా పావు బస్తా. కాగితము మాఱలేదు, సంతకములు మాఱలేదు, ఇచ్చువాని చేయి ఆగలేదు. పది బస్తాలు మాత్రము పావు బస్తా యైనవి.

అయితే ధాన్యమొక్కటియే జీవనము కాదు గదా? నూనె పెరుగవచ్చును, బట్ట నిలుకడగా నుండవచ్చును, ఉల్లిపాయ ఒక నెల పెరిగి మఱుసటి నెల తగ్గవచ్చును. అన్నిటిని కలిపి ఒక్క మాటలో చెప్పుటకు ధరల సూచిక యను నుపాయమును కనిపెట్టిరి. సామాన్య కుటుంబము కొను సరుకులను, సేవలను ఒక గంపలో వేసినట్లు భావింతురు. ఏ సరుకునకు ఆ కుటుంబము ఎంత వెచ్చించునో దానినిబట్టి ఆ సరుకునకు బరువు నిత్తురు. ఆధారవత్సరములో ఆ గంప వెల నూఱు అనుకొని, తరువాతి సంవత్సరములలో అదే గంప వెల ఎంతయైనదో చూతురు. నూటపది యైనచో ధరలు నూటికి పది పెరిగినవన్నమాట.

దీనివలన క్రయశక్తిని లెక్కించుట సులభమగును. ఒకని యాదాయము 20,000 రూపాయలు, సూచిక 100 అనుకొందము. మఱుసటి యేడు ఆదాయము 22,000, సూచిక 110 ఐనచో అతడు పెరుగనూ లేదు, తరుగనూ లేదు. అదే సూచిక 115 ఐనచో, 22,000 ను 115 చేత భాగించి నూఱుచేత గుణింపుడు, 19,130 వచ్చును. జీతము రెండువేలు పెరిగిన సంతోషముతో మిఠాయి పంచిన యామనుష్యుడు, వాస్తవమునకు క్రిందటి యేటికంటె బీదవాడైనాడు.

ఇచట ఒక హెచ్చరిక. సూచిక అందఱకును సగటు లెక్క; ఎవని గంప వానిదే. ఒక యింట నూఱు రూపాయలలో ఏబది తిండికి పోవుననుకొనుడు. మఱియొక యింట ముప్పది. తిండి వస్తువులు నూటికి పది పెరిగి, తక్కినవి కదలనిచో, మొదటి యింటికి ఖర్చు నూట ఐదగును. రెండవ యింటికి నూట మూడు. అంగడి ఒకటే, ధరల చీటీ ఒకటే. దెబ్బ మాత్రము ఒకటి కాదు. బీదవాని సంపాదనలో తిండికి పోవు పాలు అధికమనియు, సంపాదన పెరిగినకొలది ఆ పాలు తగ్గుననియు ఎర్న్‌స్ట్ ఎంగెల్ అను జర్మను గణకుడు 1857లోనే చూపెను. మన దేశమున 2012 ఆధారవత్సరముగా కట్టిన సూచికలో తిండి, పానీయములకు ఇచ్చిన బరువు పల్లెలకు నూటికి 54, పట్టణములకు 36. 2023-24లో జరిగిన గృహవినియోగ వ్యయ పరిశీలనలో పల్లెలందు వెచ్చించు నూఱు రూపాయలలో 47, పట్టణములందు ఇంచుమించు 40 తిండికి పోవుచున్నట్లు తేలినది. కావున బియ్యము, పప్పు, నూనె పెరిగినప్పుడు పట్టణమునందలి ధనికుడు విసుగుకొనును. పల్లెయందలి కూలి ఒక పూట తగ్గించుకొనును.

ధర పెరుగకయే క్రయశక్తి తరుగు మార్గము మఱియొకటి కలదు. అంగడిలో ఐదు రూపాయల బిస్కట్ల పొట్లము, పది రూపాయల సబ్బు చూడుడు. వెల మాఱదు, లోపలి గ్రాములు తగ్గును. నేను పంపిన 35 రూపాయల మనియార్డరు అట్టి పొట్లమే. పైన వ్రాసిన అంకె అట్లే యుండెను. లోపలి సరుకు ఏటేట తగ్గుచుండెను.

నేను ప్రభుత్వ నియమముల ప్రకారము జీతము తీసికొన్నవాడను. నేడు పింఛను తీసికొనుచున్నవాడను. ధరలు పెరిగినప్పుడు మాకు కరువు భత్యము కలియును. కేంద్రప్రభుత్వము పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచికను ఆధారము చేసికొని, జనవరి, జూలై నెలలనుండి వర్తించునట్లు, సాలునకు రెండుసార్లు దానిని సవరించును. రాష్ట్రప్రభుత్వములును తమ తమ లెక్కల చొప్పున ఇచ్చుచుండును. అది ఆలస్యముగా వచ్చుననియు, బకాయిలు పడుననియు మేము సణుగుదుము. ఐనను అట్టి రక్షణ యొకటి మాకు కలదు. 1985 నుండి 1991 వఱకు నా జీతమునకు కరువు భత్యము ఎన్నిమాఱులు కలిసినదో! కలిసినప్పుడెల్ల సంతోషించితిని. ఏ కరువునకు నాకు భత్యము వచ్చినదో ఆ కరువే మా యత్తయ్య పంచలోనికిని వచ్చియుండునని ఒక్కమాఱైనను తోచలేదు. ఆమెకు భత్యము నిచ్చుటకు నేను తప్ప వేఱు ప్రభుత్వము లేదు.

ధరల పెరుగుదలకు కళ్లెము వేయుట కూడ ప్రభుత్వ ధర్మమే. 2016లో రిజర్వు బ్యాంకు చట్టమును సవరించి, వినియోగ ధరల పెరుగుదల సాలునకు నూటికి 4, అటునిటు 2 లోపల నుండవలెనని లక్ష్యమును ప్రకటించిరి. ఇది మంచి లక్ష్యమే. కాని నాలుగు అనునది చిన్న యంకె యని మఱచి నిద్రపోరాదు. ఏటేట నూటికి నాలుగు చొప్పున పెరిగినచో ధరలు 18 ఏండ్లలో రెట్టింపగును. అనగా, అన్నియు సక్రమముగా నడచిన కాలములో కూడ, మాఱని సొమ్ము పదునెనిమిదేండ్లలో సగమగును.

ఇంతవఱకు విన్నవారు, అట్లైనచో ధరలు తగ్గిన చాలును, క్రయశక్తి పెరుగునని తలపవచ్చును. అదియు సత్యము కాదు. 1929లో ప్రపంచమున ఆర్థికమాంద్యము పుట్టి మన డెల్టాలకును వ్యాపించెను. కొలది యేండ్లలో ధాన్యపు ధర ఇంచుమించు సగమునకు దిగిపోయెను. కొనువారికి అది చవక. కాని రైతునకు ధాన్యమే యాదాయము. భూమిశిస్తు రూపాయలలో నుండెను, అది తగ్గలేదు. అప్పు రూపాయలలో నుండెను, అదియు తగ్గలేదు. పూర్వము ఒక బస్తా అమ్మి తీర్చు బాకీకి రెండు బస్తాలు అమ్మవలసివచ్చెను. ఎందఱి భూములో సాహుకార్ల పాలయ్యెను. తుదకు 1938లో మద్రాసు శాసనసభ రైతుల ఋణవిమోచన చట్టమును చేయవలసివచ్చెను. కావున క్రయశక్తికి రెండు కాళ్లు: ఒకటి ధర, రెండవది ఆదాయము. ఒక్క కాలిని చూచి నడకను నిర్ణయింపరాదు.

ఈ రెండవ కాలు విఱిగినప్పుడు ఏమగునో కరువుల చరిత్ర చెప్పుచున్నది. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును పీడించిన ధాత కరువు మాట రాయలసీమలో ముసలివారు తమ పెద్దలు చెప్పగా విన్నదే. బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతములు మిక్కిలి దెబ్బతినెను. రైలుమీద ధాన్యము వచ్చుచునే యుండెను. కాని పంట లేక పని లేదు. పని లేక కూలి లేదు. కూలి లేక కొనుబడి లేదు. ప్రభుత్వము సహాయపు పనులు పెట్టినది గాని, 1877లో సర్ రిచర్డు టెంపుల్ అను నధికారి కూలిని ఒక పౌను ధాన్యమునకు సరిపడునంతకు, దానిపై స్వల్పముగా కొంతకు, తగ్గించెను. ఒక పౌను సుమారు 450 గ్రాములు. దినమంతయు మన్ను మోయువాని దేహమునకు అది చాలదని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిష్ గట్టిగా ఆక్షేపించెను. ఆ యేడే దానిని మరల పెంచవలసివచ్చెను. సొమ్మును ధాన్యముతో కొలుచుట మంచిదే. కాని ఆ కొలతయందు మనుష్యుడు బ్రతుకుటకు చాలినంత యుండవలెను. 1880లో వెలువడిన కరువు కమిషను నివేదిక, కరువున మొదట చెడునది కూలిజనుల పనియు సంపాదనయు ననియు, తిండికొఱతకంటె కొనుటకు సొమ్ము లేకపోవుటయే వారిని చంపుచున్నదనియు గుర్తించినది.

1943 నాటి బంగాళపు కరువులోను ఇదే కథ. అమర్త్యసేను గారు 1981లో ప్రకటించిన గ్రంథములో, కరువు లేని 1941వ సంవత్సరముకంటె 1943లో బంగాళమున తిండిగింజలు తక్కువగా లేవని లెక్కలతో వాదించిరి. ఆ లెక్కలపై పండితులలో భేదాభిప్రాయములు కలవు. కాని ఎవరు చనిపోయిరో చూచినచో విషయము తేటపడును. యుద్ధకాలపు ఖర్చులవలన బియ్యపు ధర ఆకాశమునంటెను. కూలి రేట్లు వెనుకబడెను. వ్యవసాయకూలీలు, చేపలు పట్టువారు, క్షౌరవృత్తివారు మొదట కూలిపోయిరి. బియ్యము కొనుటకే సొమ్ము చాలనివాడు చేపను కొనడు, గడ్డము గీయించుకొనడు. ఒకని క్రయశక్తి నశించుటతో మఱియొకని వృత్తి నశించెను. పాణినీయములోని క్రయ్యమునకు, క్రేయమునకు నడుమ లక్షల ప్రాణములు పోయినవి.

దీనినిబట్టి మఱియొక సత్యము తెలియుచున్నది. నీ క్రయశక్తి నీ యొక్కనిది కాదు. మా యూర కూలి ముట్టిన సాయంకాలము కోమటి యంగడి చూడవలెను. నూనె కొలుచుటకు అతనికి చేయి చాలదు. కూలి ముట్టని వారము అతడు ఈగలు తోలుకొనుచు కూర్చుండును. వాని సరుకు అంతే, వాని త్రాసు అంతే. కొనువాని చేతిలోని రూపాయి అమ్మువాని యింట దీపము. ఆ దీపము సాలె మగ్గమునకును, కుమ్మరి సారెకును వెలుగు.

కావున ప్రభుత్వములు బీదల క్రయశక్తిని నిలుపుటకు రెండు మార్గములు త్రొక్కినవి. ఒకటి ధరను దించుట. ఆంధ్రప్రదేశ్‌లో 1983లో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము కిలో బియ్యము రెండు రూపాయల చొప్పున ఇచ్చుట మొదలుపెట్టినది. 2013లో దేశమంతటికిని ఆహారభద్రతా చట్టము వచ్చినది. దాని ప్రకారము బియ్యము కిలో మూడు రూపాయలకు ఇచ్చిరి, 2023 జనవరి నుండి ఉచితము చేసిరి. బియ్యముమీద మిగిలిన సొమ్ము పప్పునకో, పిల్లవాని పుస్తకమునకో మళ్లును. అనగా బియ్యమును చవకచేయుట ఇతర వస్తువులమీద కూడ క్రయశక్తి నిచ్చుట. మా యత్తయ్యకు మాత్రము ఆ రెండు రూపాయల బియ్యము చేరలేదు. ఆమెకు విడిగా కార్డు లేదు. మా యింటి లెక్కలో, మాగాణి కలవారి లెక్కలో ఆమె పేరుండెను. కాగితముమీద ఆమె భూస్వాముల యాడపడుచు.

రెండవ మార్గము ఆదాయమును కల్పించుట. 2005లో చేసిన గ్రామీణ ఉపాధి హామీ చట్టము, కోరిన కుటుంబమునకు సాలునకు నూఱు దినముల కూలిపని హామీ యిచ్చినది. ఆ పథకము 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ఆరంభమైనది. ధాత కరువు నాటి గంజికేంద్రముల నేలకు సమీపముననే, కూలిపని దయగా కాక హక్కుగా మొదలగుట ఆలోచింపదగిన విషయము.

ఇక మా యింటి కథ ముగించెదను. ఆ సంక్రాంతి మఱునాడు అత్తయ్యతో, “ఇంతకాలము చెప్పకపోతివేమి అత్తయ్యా?” యని అడిగితిని. “నువ్వు తప్పకుండా పంపిస్తూనే ఉన్నావుగా నాయనా, ఏమని అడగను?” అన్నది. ఆ మాటలో నిష్ఠూరము లేదు. అందువలననే అది నన్ను నేటికిని వదలలేదు. నేను తప్పలేదనుట సత్యము. తప్పకుండ, నెలనెల, రసీదు పుచ్చుకొని, ఆమెకు తక్కువ యిచ్చితిని.

ఆ యేటినుండి పది బస్తాల ధాన్యమును మరల కొలిపించితిని. ఆమె మఱి నాలుగేండ్లు జీవించినది. శనివారపు ఉపవాసము మానినది, సోమవారపుది మానినది. ఏకాదశి మాత్రము కడవఱకు ఉన్నది. వాటిలో ఏది భక్తియో నాకు అప్పుడు తెలిసినది. అంతకు ముందటి ఇరువది రెండేండ్ల లోటును తీర్చుట ఎవరికి సాధ్యము? నాడు తినని యన్నమునకు నేడు పెట్టు అన్నము బదులు కాదు. డెబ్బదికి పైగా నున్న ఆ రసీదుల దండ నా యొద్ద ఇంకను ఉన్నది. పూర్వము దానిని గర్వమునకై ఉంచితిని. ఇప్పుడు జ్ఞాపకమునకై ఉంచితిని.

శ్రోతలారా, మీరు చేయవలసిన పని చిన్నది. ఏటికొకమాఱు, ఉగాదికో సంక్రాంతికో, ఇంటి పద్దుపుస్తకము తీయుడు. రూపాయలను చూడకుడు. క్రిందటి యేడు ఈ సొమ్మునకు ఎన్ని కిలోల బియ్యము, ఎన్ని లీటర్ల నూనె, ఎన్ని మాత్రలు వచ్చినవో, ఈ యేడు ఎన్ని వచ్చుచున్నవో వ్రాయుడు. మీ క్రయశక్తి మీకు కనబడును.

తరువాత ఇంకొక పుట త్రిప్పుడు. మీరు ఎవరికైనను నెలనెల మాఱని సొమ్ము ఇచ్చుచున్నారా? ఊర నున్న తల్లికి, అంట్లు తోము మనిషికి, వీధి కాపలావానికి, గుడిలో దీపము పెట్టు పూజారికి? ఆ సొమ్ము ఏ యేట నిర్ణయించితిరి? ఆ యేట అది ఎంత సరుకు తెచ్చినది? ఈ యేట ఎంత తెచ్చుచున్నది? వారు అడుగరు. మీరు తప్పక ఇచ్చుచున్నారు గనుక అడుగరు. లెక్క మీరే చూడవలెను.